వాల్డెన్సులు: వలసపోయిన మతము, మిగిలిన భాష

పుట్టినచోటు విడిచి పరభాషా ప్రాంతమున తరతరములుగా నివసించు వారికి తమ భాష యెట్లు నిలుచును, ఎట్లు జారిపోవును అను ప్రశ్న కేవలము కుతూహలమునకు వేసికొనునది కాదు. ఈ ప్రశ్నకు రెండు విరుద్ధములైన సమాధానములిచ్చిన జనసమూహ మొకటి ఐరోపాలో గలదు. వారిని వాల్డెన్సు లందురు. పాషండులని రోమను కథోలిక సంఘముచే వెలివేయబడిన యీ మధ్యయుగ క్రైస్తవ సంస్కర్తల కథ భాషతోడనే మొదలగుచున్నది.

ఫ్రాన్సులోని లియోన్ నగరమున వాల్డో అను ధనిక వర్తకుడుండెను. క్రీ. శ. 1173 ప్రాంతమున అతనికి విరక్తి కలిగెను. భార్యకు కొంత యాస్తి విడిచి, తక్కినది బీదలకు పంచి, భిక్షాటనకు పూనుకొనెను. అంతటితో నాగియున్నచో అతనిని సాధువని కీర్తించి యుందురేమో! కాని అతడు ఇద్దరు పురోహితులకు వేతనమిచ్చి, సువార్తలను, బైబిలులోని మరికొన్ని భాగములను లాటిను నుండి ప్రజల వాడుకభాషలోనికి మార్పించెను. వానిని వల్లించి వీధులలో బోధింపసాగెను. అతని అనుచరులలో చర్మకారులు, నేతగాండ్రు మొదలగు సామాన్యులే కాక స్త్రీలును బోధించిరి.

1179లో రోములో జరిగిన మహాసభకు వీరు తమ గ్రంథములతో వెళ్లిరి. పోపు మూడవ అలెగ్జాండరు వారి దారిద్ర్యవ్రతమును మెచ్చుకొనెను. స్థానిక గురువుల యనుమతి లేనిదే బోధింపరాదనెను. ఆ సభలో వాల్టర్ మ్యాప్ అను ఆంగ్ల పండితుడు వీరిని పరీక్షించెను. తండ్రియందు, కుమారునియందు, పరిశుద్ధాత్మయందు విశ్వాసము గలదా యని వరుసగా నడిగి, క్రీస్తు తల్లియందు గలదా యనెను. "గలదు" అని వారనగానే సభ యెల్ల ఘొల్లున నవ్వెను. త్రిమూర్త్యేక దైవమునందుంచు విశ్వాసమునకును, మరియమ్మ యెడలి భక్తికిని శాస్త్రజ్ఞులు పాటించు భేదమును వారెరుగరు. ఆ నవ్వునందే తరువాతి కథ యంతయు నున్నదని నా యభిప్రాయము. వారి సిద్ధాంతము నాటికి తప్పు కాదు. చదువురానివాడు తన మాటలలో దేవుని గూర్చి చెప్పుటయే తప్పయ్యెను. 1184లో పోపు మూడవ లూషియస్ వెరోనాలో శాసనము వెలువరించి వీరిని బహిష్కరించెను. 1215 నాటి మహాసభయు పాషండులనెల్ల ఖండించెను.

కొన్ని పుస్తకములు వీరిని అదే కాలపు కథారులతో కలిపి చెప్పుచున్నవి. అది పొరపాటు. కథారులు మంచికొక దైవము, చెడుగున కొక దైవము గలరను ద్వైతులు. వాల్డెన్సులకు అట్టి మతము లేదు. ఒట్టు పెట్టుకొనరాదు, నరహత్య చేయరాదు, మృతులకు శుద్ధిలోకము లేదు అనునవి వారు క్రమముగా పట్టుకొన్న నియమములు.

వెలివేయబడినవారు ఆల్ప్సు పర్వతపు లోయలలో తలదాచుకొనిరి. వారి యుపదేశకులు ఇరువురిరువురుగా, పెద్దవానితో చిన్నవాడుగా, వర్తకుల వేషమున చేతివ్రాత పుస్తకములు దాచుకొని గ్రామగ్రామమునకు తిరిగెడివారు. కథోలిక గురువును తండ్రీ యని పిలుతురు గదా! వీరు తమ యుపదేశకుని "బార్బా" అనిరి. వారి ఆక్సితన్ భాషలో ఆ మాటకు బాబాయి, మామ అని యర్థము.

13, 14 శతాబ్దములలో కొన్ని కుటుంబములు భూములను వెదకికొనుచు దక్షిణ ఇటలీలోని కలాబ్రియాకు వలసపోయి, సముద్రతీరపు కొండపై గార్డియా అను గ్రామమును కట్టుకొనిరి. బయటికి కథోలికులవలె మెలగి, లోలోపల బార్బాల బోధ వినిరి. ఇట్లు తరములు గడచెను. 1532లో ఆల్ప్సు లోయలలోని వాల్డెన్సులు షాన్‌ఫొరాన్ సభలో జెనీవా వైపు సంస్కరణోద్యమమున చేరిరి. కలాబ్రియావారికిని బహిరంగముగా ఆరాధింపవలెనను కోరిక కలిగెను. వారికై జెనీవా నుండి వచ్చిన పాస్కలే అను బోధకుని 1560లో రోములో చంపిరి. 1561 జూనులో సైనికులు గ్రామములపై బడిరి. మొంటాల్టో పట్టణమున ఒక్కనాడే 88 మంది గొంతులు కోసిరి. గార్డియాలో నెత్తురు పారిన ద్వారమును నేటికిని "రక్తద్వారము" అందురు. మిగిలినవారిని నిర్బంధముగా కథోలికులను జేసి, సొంతభాష మాటలాడరాదని, తమలో తాము వివాహమాడరాదని ఆంక్షలు పెట్టిరి. ఇంటిలోని నడవడి చూచుటకై తలుపులకు బయటినుండియే తెరువదగు చిన్న కిటికీల నమర్చిరి.

మతము పోయెను. భాష పోలేదు! నాలుగున్నర శతాబ్దములు గడచినను ఆ గ్రామమున ఆక్సితన్ మాటలాడువారు గలరు. 1999లో ఇటలీ చేసిన అల్పసంఖ్యాక భాషల చట్టము ఆక్సితన్‌ను గుర్తించినది.

జర్మనీకి పోయినవారి కథ దీనికి తలక్రిందులు. ముందుగా ఒక సంగతి. షాన్‌ఫొరాన్ సభ తరువాత వాల్డెన్సులు చందాలు పోగుచేసి 1535లో బైబిలు నచ్చువేయించిరి; అది ఆక్సితన్‌లో గాక ఫ్రెంచిలో వెలువడెను. 1630లో వచ్చిన మహమ్మారిచే బోధకులు దాదాపు అందరును మరణింపగా, జెనీవా నుండి వచ్చినవారు ఫ్రెంచి మాత్రమే యెరిగినవారు. ఇట్లు ఇంటిభాష యొకటి, గుడిభాష యొకటి యయ్యెను. సువార్తను తమ మాటలలో వినగోరి వెలివేయబడిన వారికే యీ గతి!

1698లో సవాయి ప్రభువు వెడలగొట్టినవారు మరుసటి సంవత్సరము వుర్టెంబర్గున ఊళ్లు కట్టుకొనిరి. ఆంరీ ఆర్నో అను బోధకుడు వారికి నాయకుడు. వారి మతమున కచ్చట భయము లేదు. ఇంట ఆక్సితన్, గుడిలో ఫ్రెంచి, సంతలో జర్మను. 1823లో వారి సంఘము ఆ రాజ్యపు లూథరను సంఘమున విలీనము కాగా, గుడి నుండి ఫ్రెంచి తొలగెను. బడియు జర్మనే యయ్యెను. ఏ రాజును నిషేధింపని ఇంటిభాష కొందరు వృద్ధుల నోట ఇరువదవ శతాబ్దారంభము వరకు నిలిచి పిదప నశించెను.

గార్డియావారి భాషాభిమానము మిన్న యనుట సులభమే గాని, నేనట్లనజాలను. కొండపైనున్న యొంటరి గ్రామము, బయటివారి యెడ అనుమానము, ఇంటిలో తప్ప వేరెచ్చటను పలుకుటకు వీలులేని స్థితి—ఇవి వారి భాషను కాపాడినవి. వుర్టెంబర్గువారికి శత్రువులు లేరు, ఇరుగుపొరుగువారు మంచివారు, పిల్లలకు చదువు, కొలువు, పెండ్లి అన్నియు జర్మనులోనే దొరకినవి. అచ్చటి పినాష్, సెర్, పెరూజ్ అను గ్రామములకు తాము విడిచివచ్చిన లోయలలోని యూళ్ల పేర్లే పెట్టుకొనిరి. ఆ పేర్లు నేటికిని ఊరి ముందరి పలకలపై నున్నవి.