గుజ్జు కొనేదెవరో షీటే చెబుతుంది

చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు అమ్మడం నా పని. ఎగ్జిబిషన్‌లో చేతికొచ్చిన విజిటింగ్ కార్డులన్నీ గూగుల్ షీట్‌లోకి ఎక్కిస్తాను. పేరు, మెయిల్, అంతే. ఆ మెయిల్ వెనక జ్యూస్ కంపెనీ ఉందో, దళారి ఉన్నాడో ఎట్లా తెలిసేది?

ఇప్పుడది జాపియర్ అనే ఆటోమేషన్ సర్వీసు చూసుకుంటోంది. కోడింగ్ అక్కర్లేదు. జోహో వాళ్ల ‘ఫ్లో’ కూడా ఇదే కోవ. షీట్‌లో కొత్త వరుస పడగానే అందులోని మెయిల్, వివరాలు వెతికే ఎన్‌రిచ్‌మెంట్ టూల్‌కు వెళ్తుంది. అది మెయిల్ చివరి డొమైన్ పట్టుకుని కంపెనీ, దేశం, ఉద్యోగుల సంఖ్య వెతికి, అదే వరుసలో నింపుతుంది. జీమెయిల్ అయితే చాలాసార్లు ఖాళీయే. వెతికినప్పుడల్లా క్రెడిట్లు కరుగుతాయి, అందుకే జీమెయిల్‌ను ముందే ఆపే ఫిల్టర్ పెట్టాను. పాత సమాచారమూ వస్తుంటుంది, పెద్ద ఆర్డరుకు ముందు ఫోన్ చేయాల్సిందే. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, వ్యక్తుల సొంత ఫోన్ నంబర్ల కాలమ్ తీసేశాను. కంపెనీ వివరాలు చాలు నాకు.