స్టెమ్‌సెల్ ఉద్యోగమా? చేరేముందు ఇది చూడండి

కంట్లో సున్నం పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసేవి అవే. అవి పోతే చూపూ పోతుంది. దీనికి హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో ‘స్లెట్’ అనే శస్త్రచికిత్సను ప్రపంచానికి పరిచయం చేశారు. బాగున్న కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్నగా కత్తిరించి, దెబ్బతిన్న కంటిపై పరిచిన పల్చటి మాయపొర మీద అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. ల్యాబ్‌లో పెంచే ఖర్చు లేదు.

ఇదీ అసలైన సైన్స్. కానీ మూలకణాలతో షుగర్, ఆటిజం అన్నీ నయం చేస్తామనే క్లినిక్‌లూ ఉన్నాయి. ఇలాంటివి ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయని, క్లినికల్ ట్రయల్స్‌లో తప్ప చేయకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అందుకే జీతం అంకె చూసి తొందరపడొద్దు. ఆ సంస్థ ట్రయల్ సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో నమోదైందో లేదో వెతకండి. ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. అక్కడ లేకపోతే, మీరు చేయబోయేది పరిశోధన కాదు, పేషెంట్లకు ఆశ అమ్మడం. పరిశోధనే కావాలంటే పీజీకి గాట్-బి, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు సీఎస్ఐఆర్ నెట్ రాయండి. ఈలోగా కాలేజీ ల్యాబ్‌లో సెల్ కల్చర్ మీ చేత్తో చేసి నేర్చుకోండి.