మీరు ఫలానా వారు కదూ!

1970లో జపాన్‌లోని ఒసాకాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ ఎన్‌ఈసీ కంపెనీ వాళ్ళు ఒక టీవీ కెమెరా పెట్టి, దాని ఎదుట సందర్శకులను కూర్చోబెట్టేవారు. కంప్యూటర్ మొహం చూసి, ఏడుగురు ప్రముఖుల్లో మీది ఫలానా వారి పోలిక అని తేల్చేది. ఆ తేల్చడంలో నమ్మదగ్గది పెద్దగా లేదు. అయినా జనం ఎగబడ్డారు. చిలక జోస్యానికి కూర్చున్నవాడు చిలక ఏం చదివిందని అడుగుతాడా!

అలా కూర్చున్నవాళ్ళ మొహాలు టేపులకెక్కాయి. క్యోటో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తకేవో కనడేకు అవే పెన్నిధి అయ్యాయి. 1960లలో అమెరికాలో వుడీ బ్లెడ్‌సో ఇలాంటి ప్రయత్నమే చేశాడు గానీ, అక్కడ ఫొటో మీద కంటి కొసలు, నోటి కొసలు గుర్తుపెట్టే పని మనుషులదే. గంటకు 40 ఫొటోలు అయితే గొప్ప. కనడే ఆ వెతుకులాటను కూడా యంత్రానికే అప్పజెప్పాడు. 1973 నాటి ఆయన సిద్ధాంత వ్యాసం సారం అదే. 1980లో ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడి రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టర్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి.

మన పాత సినిమాల్లో హీరో బుగ్గకు ఓ పులిపిరి, మొహానికి గుప్పెడు గడ్డం తగిలించుకుంటే చాలు, విలన్‌కు ఆనవాలు చిక్కదు. ఇప్పటి యంత్రం అంత తేలిగ్గా బోల్తాపడదు. అది మొహాన్ని సంఖ్యల వరసగా మార్చుకుంటుంది. 2015లో గూగుల్ వాళ్ళు చేసిన ఫేస్‌నెట్‌లో ఒక్కో మొహానికి 128 సంఖ్యలు. ఒకే మనిషి ఫొటోలు ఎన్ని ఇచ్చినా వరసలు దగ్గర దగ్గరగా రావాలి, వేరే మనిషివి దూరంగా జరగాలి. లక్షల సార్లు సరిదిద్దుతూ నేర్పేది ఇదే. ఏ సంఖ్య ముక్కుదో ఏది కంటిదో చేసినవాళ్ళు కూడా విడదీసి చెప్పలేరు.

ఇలా నేర్పాలంటే ఒకే మనిషివి బోలెడు ఫొటోలు కావాలి. మామూలు మనిషివి ఎక్కడ దొరుకుతాయి? అందుకే ఈ యంత్రానికి అక్షరాభ్యాసం జరిగింది పేరున్నవాళ్ళ మొహాల మీద. 2007లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు వార్తల్లోంచి 13,233 ఫొటోలు పోగేశారు. మనుషులు 5,749 మంది. ఒక్క జార్జ్ బుష్‌వే 530! 2016లో మైక్రోసాఫ్ట్ లక్ష మంది ‘సెలెబ్రిటీ’ల కోటి ఫొటోలతో ఇంకో భాండాగారం పెట్టింది. ఆ లక్షమందిలో పాత్రికేయులూ ఉన్నారు, తమ ఫొటో అందులో ఉందని తెలియని పరిశోధకులూ ఉన్నారు. గొడవయ్యాక 2019లో దాన్ని తీసేశారు. ఇంటర్నెట్‌లో ఫొటో దొరకడమే ప్రసిద్ధి అనుకుంటే ఇలాగే ఉంటుంది మరి.

2017లో అమెజాన్ తన రెకగ్నిషన్ అనే క్లౌడ్ సర్వీసుకు ప్రముఖులను పట్టే విద్య కలిపింది. ఫొటో పంపితే మొహం ఎక్కడుందో, పేరేమిటో, ఆ పేరు మీద నమ్మకం నూటికి ఎంతో చెబుతుంది. 2018 మే 19న విండ్సర్‌లో ప్రిన్స్ హ్యారీ పెళ్ళికి స్కై న్యూస్ దీన్ని వాడింది. అతిథులు చాపెల్‌లోకి అడుగుపెడుతుంటే తెర మీద పేర్లు పడుతున్నాయి. పాత ఫొటోల కట్ట ముందేసుకుని ‘ఈయనెవరండీ?’ అని సీనియర్ల చుట్టూ తిరిగే పత్రికాఫీసులకు ఇది నిజంగా వరమే.

రెండు నెలలు దాటాక అమెరికా పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ అదే సర్వీసును వేరే పనికి పెట్టి చూసింది. అరెస్టయినవాళ్ళ ఫొటోలు 25,000 ఎక్కించి, కాంగ్రెస్ సభ్యుల మొహాలను వాటితో పోల్చమంది. 28 మందిని అరెస్టయినవాళ్ళుగా చూపించింది. అందులో జాన్ లూయిస్ ఒకరు. పౌరహక్కుల ఉద్యమంలో ఊరూరా తెలిసిన మొహం! 80 శాతం నమ్మకం పోలీసు పనికి చాలదు, గీత ఇంకా పైన పెట్టుకోవాల్సింది అని కంపెనీ వాదించింది. ఆ 80 సంఘం కల్పించింది కాదు, సర్వీసులో ముందే ఉన్న అంకె. పరీక్షకు అయిన ఖర్చు 12 డాలర్ల 33 సెంట్లు. 2020లో పోలీసులకు ఈ సర్వీసు అమ్మడం అమెజాన్ ఆపేసింది. గూగుల్ తన ప్రముఖుల సర్వీసును 2019లో కొన్ని మీడియా సంస్థలకే పరిమితం చేసి, వద్దన్న ప్రముఖుడి పేరు తీసేసే వెసులుబాటు కూడా ఇచ్చింది.

అమెజాన్ పంపే జవాబులో రెండో జాబితా ఒకటి ఉంటుంది, గుర్తుపట్టని మొహాలది. ఓ సినిమా హీరో వచ్చిన పెళ్ళి ఫొటో పంపారనుకోండి. హీరో పేరు మొదటి జాబితాలో చేరుతుంది. పక్కనే బాసికం కట్టుకున్న పెళ్ళికూతురిది రెండోది. ఆమె కళ్ళెక్కడున్నాయో, పెదవి కొసలెక్కడో, తల ఎంత వంచిందో, అన్నీ దశాంశాల్లో కొలిచి ఉంటాయి. పేరు ఒక్కటే ఉండదు.