మూడేళ్లకే పలక ఎందుకు? ఆటలోనే ఉంది అసలు చదువు

"మా బాబుకు మూడేళ్లు దాటాయి, ఇంకా ఏబీసీడీలు రాయడం లేదు." గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలామంది తల్లిదండ్రుల దిగులు ఇది. అంగన్‌వాడీకి పంపమంటే "అక్కడ ఆడించడమేగా, చదువేముంది?" అంటారు. అప్పు చేసైనా కాన్వెంట్‌లో నర్సరీకి వేస్తారు. ఆ వయసులో ఆటే చదువని తెలిస్తే ఇంత కంగారు ఉండదు.

ఆటలో ఏం నేర్చుకుంటారు?

రాయాలంటే ముందు వేళ్లకు పట్టు రావాలి. మట్టి పిసకడం, బఠాణీలు ఒలవడం, పూసలు గుచ్చడం వంటివి చేతిని పెన్సిల్‌కు సిద్ధం చేస్తాయి. వందదాకా గడగడా అప్పజెప్పే పిల్లాడు "ఐదు చింతపిక్కలు ఇవ్వు" అంటే తడబడతాడు. అంకె నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదన్నమాట. వామనగుంటల్లో గుంటకో పిక్క వేసుకుంటూ పోయే పిల్లకు ఆ ఇబ్బంది ఉండదు.

గుజ్జనగూళ్ల ఆటలో ఆకు రూపాయి అవుతుంది, ఇటుక ముక్క పొయ్యి అవుతుంది. ఒకదానికి ఇంకొకటి గుర్తుగా నిలవడం పిల్లలకు ఇక్కడే అలవాటవుతుంది. అక్షరం కూడా శబ్దానికి గుర్తే కదా! ఇక దాగుడుమూతల్లో తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడినా అలగకుండా మళ్లీ ఆడటం నేర్చుకుంటారు. బడిలో కుదురుగా కూర్చోవడానికి పనికొచ్చేవి ఇవే.

ప్రభుత్వం ఏమంటోంది?

మహారాష్ట్రలో తారాబాయి మోదక్ బడికి రాలేని పేద పిల్లల వాకిళ్లకే బాలబడిని తీసుకెళ్లారు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది. అంగన్‌వాడీలు దాని కిందే మొదలయ్యాయి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటపాటలతోనే నేర్పాలని, ఒకటో తరగతిలో ఆరేళ్లకు చేర్చాలని దాని సారాంశం. అంగన్‌వాడీల్లో పోషణతో పాటు చదువుపైనా దృష్టి పెట్టేందుకు 2023లో 'పోషణ్ భీ, పఢాయీ భీ' కార్యక్రమం వచ్చింది.

ఇంటి భాష సంగతి

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగు అంగన్‌వాడీలో మొదట్లో నోరు విప్పకపోవచ్చు. వాళ్లకు తెలివి తక్కువని అనుకోవద్దు. ఆటకు భాష అడ్డం కాదు కాబట్టి, తోటి పిల్లలతో కలిసి ఆడుతూనే తెలుగు పట్టేస్తారు. అందుకని ఇంట్లో ఉర్దూ మానేయనక్కర్లేదు. నానీ చెప్పే కహానీలు, పహేలీలు, అమ్మీ పాడే లోరీలు పిల్లల మాటను పెంచుతాయి. ఒక భాషలో గట్టిపడిన బుర్రకు రెండోది సులువు.

కోతల కాలంలో జాగ్రత్త

పత్తి తీతలు, మిర్చి కోతలు మొదలైతే కూలికి వెళ్లే తల్లులకు ఇంటి దగ్గర చూసేవారుండరు. కొందరు చిన్నవాళ్లను చేనికే తీసుకెళ్తారు. ఇంకొందరు పెద్ద పిల్లను బడి మాన్పించి కాపలా పెడతారు. అలా చేస్తే ఇద్దరి చదువూ పోతుంది. పైగా చేలో పురుగుమందు ఖాళీ డబ్బాలు, మిర్చి ఘాటు ఉంటాయి. ఆ డబ్బాలు కడిగినా సరే, ఆటవస్తువులుగా ఇవ్వకూడదు. ఈ నెలల్లో అంగన్‌వాడీ రెండు రకాలుగా అక్కరకొస్తుంది: చిన్నవాళ్లకు తిండి, ఆట, అక్కకు తన బడి.

తల్లిదండ్రులు చేయాల్సింది

పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే ఆటవస్తువులు దొరుకుతాయి. గిన్నెలు, మూతలు, పాత దుపట్టా, అగ్గిపెట్టెలు చాలు. మూడేళ్లలోపు పిల్లలకు పిక్కలు, పూసలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు ఆటవస్తువులు బయట ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా చూడండి. టీచర్ కథ చెబుతున్నారా, పిల్లలతో మాట్లాడిస్తున్నారా అడగండి. సాయంత్రం బిడ్డ ఇంటికొచ్చాక "ఏం రాశావు?" అనే ముందు "ఏం ఆడావు?" అని అడిగి, చెప్పేదాకా ఓపిగ్గా వినండి.