పుస్తకం మూసి పటం గీయించండి

సంక్రాంతి వెళ్ళిందంటే చాలు, పదో తరగతి పిల్లలున్న ఇంట్లో టీవీ గొంతు తగ్గుతుంది, తల్లి గొంతు పెరుగుతుంది. అమ్మాయి రసాయన శాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని పెదవులు కదుపుతూనే ఉంటుంది. సబ్బు తయారయ్యే సమీకరణం రాయమంటే గడగడా రాసేస్తుంది. “మరి అదే నూనె వనస్పతి ఎట్లా అవుతుంది?” అని ప్రశ్నను కాస్త పక్కకు జరిపితే బిక్కమొహం వేస్తుంది. చదవలేదా అంటే చదివింది. కాని చదివినవన్నీ విడివిడి పూసలు, మధ్యన దారం లేదు.

“నాకు సైన్సు రాదు, నేనేం సాయం చేయను?” అని మనలో చాలామంది ట్యూషన్ ఫీజు కట్టి ఊరుకుంటాం. దారం గుచ్చడానికి మనకు సైన్సు రానక్కరలేదు. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు, రోజూ అరగంట ఓపిక ఉంటే చాలు. దీన్ని ఉపాధ్యాయులు గ్రాఫిక్ ఆర్గనైజర్ అంటారు. పాఠంలోని ముఖ్యమైన మాటలను గళ్ళలో రాసి, వాటి మధ్య సంబంధాన్ని గీతలతో చూపే పటం, అంతే.

ఇది కొత్త వింత ఏమీ కాదు. పిల్లల తరగతి గోడకు వేలాడే ఆవర్తన పట్టిక అటువంటిదే కదా! రష్యాలో మెండలీఫ్ తన విద్యార్థులకోసం పాఠ్యపుస్తకం రాస్తూ, అప్పటికి తెలిసిన 63 మూలకాలను ఒక వరుసలో పెట్టాలని తంటాలుపడి, 1869లో ఆ పట్టిక తయారుచేశాడు. వరుస కుదరని చోట గడి ఖాళీగా వదిలాడు. అల్యూమినియం కింద వదిలిన గడిలోకి 1875లో గాలియం వచ్చి కూర్చుంది. మంచి పటం గొప్పతనం అదే. తెలిసినదాన్ని సర్దడమే కాదు, తెలియనిది ఎక్కడుందో కూడా చూపిస్తుంది.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం 1972లో భావనా పటం అనే పద్ధతిని రూపొందించింది. అందులో ఒక నియమం ఉంది. గడికీ గడికీ మధ్య ఉత్త గీత గీస్తే చాలదు, గీత మీద ఆ సంబంధం చెప్పే మాట రాయాలి. అసలు చదువంతా ఆ చిన్నమాటలోనే ఉంది.

ఉదాహరణకు అశ్వారావుపేట తీసుకుందాం. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఉన్న ఈ ఊరి చుట్టూ ఆయిల్ పామ్ తోటలు, ఊళ్ళో పామాయిల్ కర్మాగారం. గెలల ట్రాక్టర్లు వెళ్ళడం అక్కడి పిల్లలు రోజూ చూసేదే. “కార్బన్, దాని సమ్మేళనాలు” పాఠానికి ఇంతకంటె మంచి బొమ్మ ఏముంటుంది?

కాగితం నడుమ “పామాయిల్” అని రాయించండి. దాని కింద “గ్లిజరాల్”, “కొవ్వు ఆమ్లాలు”. గీత మీద మాట “వీటి కలయిక”. కొవ్వు ఆమ్లాల కింద రెండు గళ్ళు: సంతృప్తం, అసంతృప్తం. మొదటిదానికి పామిటిక్ ఆమ్లం, అన్నీ ఏక బంధాలే. రెండోదానికి ఓలిక్ ఆమ్లం, ఒక ద్విబంధం ఉంటుంది. పామాయిల్‌లో మొదటిది సుమారు 44 శాతం, రెండోది 40 శాతం. అందుకే చలికాలంలో ఆ నూనె ప్యాకెట్టులోనే పేరుకుంటుంది.

ఇక బాణాలు. సోడియం హైడ్రాక్సైడ్ కలిస్తే సబ్బు, గ్లిజరాల్. నికెల్ సమక్షంలో హైడ్రోజన్ చేరితే వనస్పతి. ఇంకో బాణం కర్మాగారం వైపు. కోసిన గెలను 24 గంటల్లో చేర్చమంటారు. ఎందుకంటే నలిగిన పండులోని ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లం పెంచుతుంది. అక్కడ ముందుగా ఆవిరిపట్టి ఆ ఎంజైము పని ఆపుతారు. చూశారా, మార్కెట్టూ, పాఠమూ ఒకే కాగితం మీదకి వచ్చాయి.

అన్ని పాఠాలకూ ఒకే రకం పటం పనికిరాదు. ఆమ్లాలు, క్షారాలు పోల్చాలంటే ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కిన రెండు వలయాలు గీయించండి. ఒకవైపు నిమ్మరసం, నీలి లిట్మస్ ఎర్రబడటం. మరోవైపు సున్నపునీరు, ఎర్ర లిట్మస్ నీలమవడం, పసుపు ఎర్రబడటం. నడుమ రెండింటికీ ఉమ్మడిదైనది: నీటిలో కరిగితే విద్యుత్తును ప్రసరింపజేయడం. లోహసంగ్రహణానికైతే నిచ్చెన మేలు. పైమెట్ల మీద సోడియం, అల్యూమినియం, వీటికి విద్యుద్విశ్లేషణ కావాలి. మధ్యమెట్టు ఇనుముకు బొగ్గు చాలు. పాల్వంచలో పెట్టిన స్పాంజ్ ఐరన్ కర్మాగారంలో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో వేడిచేసి, కరిగించకుండానే ఇనుము తీశారు. అడుగుమెట్టున పాదరసం, దాని ఖనిజాన్ని గాలిలో వేడిచేస్తేనే వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త చెబుతాను. పుస్తకం తెరిచిపెట్టుకుని రంగు పెన్సిళ్ళతో అందంగా పటం దించుకుంటే చదివినట్టు కాదు. 2011లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కార్పికీ, బ్లంట్ అనేవారు పరీక్షించి చూశారు. పాఠం ముందుంచుకుని పటాలు గీసినవారికంటె, చదివి, పాఠం పక్కనపెట్టి, గుర్తున్నది రాసినవారే వారం తర్వాత మెరుగ్గా జవాబులు చెప్పారు. కాబట్టి రెండూ కలపండి. పాఠం చదివాక పుస్తకం మూయించండి. గుర్తున్నంతవరకు పటం గీయనివ్వండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్సిలుతో చేర్చమనండి. రెండురోజులాగి కొత్త కాగితం మీద మళ్ళీ గీయించండి. ఎరుపు తగ్గుతూ వస్తే చదువు ఎక్కుతున్నట్టే.

తల్లి చేయవలసిన పని ఇక్కడే. పటం మీరు గీసి ఇవ్వవద్దు. గీత మీద వేలుపెట్టి అడగండి.

“ఏమ్మా, నూనెకూ వనస్పతికీ మధ్య గీత గీశావు. హైడ్రోజన్ వెళ్ళి ఎక్కడ చేరింది?”

“ద్విబంధం దగ్గరమ్మా.”

“మరి పామిటిక్ ఆమ్లానికి ఎందుకు చేరదు?”

“దానికి ద్విబంధం లేదు కదమ్మా!”

ఆ “కదమ్మా” వచ్చిందంటే దారం గుచ్చుకున్నట్టే. జవాబు రాకపోతే కోప్పడకండి. ఆ గీత చుట్టూ సున్నా చుట్టి, మర్నాడు మాష్టారిని అడిగి రమ్మనండి. “ఏమీ అర్థంకాలేదు” అనే పిల్లకు మాష్టారు ఏం చెప్పగలరు? “ఈ గీత అర్థంకాలేదు” అనే పిల్లకు ఐదునిమిషాల్లో చెప్పేస్తారు.

ఇంకొక మాట. అశ్వారావుపేట వైపు ఇంట్లో కోయభాష, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అయిన పిల్లలున్నారు. పట్నంలోని మన పిల్లలకూ రెండు భాషల చిక్కు ఉన్నదే. గడిలో ఇంగ్లీషు పేరు ఉన్నా గీత మీద మాట ఇంటిభాషలో రాయనివ్వండి. అర్థమైనది ఏ భాషలోనైనా అర్థమైనట్టే. పరీక్షకు కావలసిన మాట తర్వాత నేర్చుకోవచ్చు.

పరీక్షలదాకా పాఠానికొక కాగితం చొప్పున దాచి, దారంతో కుట్టి ఉంచండి. ముందురోజు రాత్రి పుస్తకమంతా తిరగేసి కంగారుపడే బదులు ఆ నాలుగు కాగితాలు చూసుకుని పిల్ల హాయిగా నిద్రపోతుంది. మీరూ నిద్రపోతారు.