తన పనితో అరగని చక్రం

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల మోటారు బండికి తాళంచెవి లేదు, స్టార్టర్ లేదు. వెనక భాగంలో, నేలకు సమాంతరంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప చక్రం ఒకటి ఉండేది. దాన్ని చేత్తో పట్టి గట్టిగా తిప్పితే ఇంజన్ అందుకునేది. నిలువుగా బిగిస్తే మలుపుల్లో స్టీరింగ్‌కు ఎదురు తిరుగుతుందేమోనన్న భయంతో బెంజ్ దాన్ని అలా పడుకోబెట్టాడు. ఈనాడు మన కార్లలో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య దాగి ఉండే ఫ్లైవీల్‌కు పూర్వీకుడు ఆ చక్రమే.

దాని అవసరం ఇంజన్ స్వభావంలోనే ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, ఒక్కో సిలిండర్ బలం ఇచ్చేది అర చుట్టు మాత్రమే. మిగతా ఒకటిన్నర చుట్టులో పొగను బయటికి నెట్టాలి, కొత్త గాలిని పీల్చుకోవాలి, దాన్ని అదిమి పెట్టాలి. వీటన్నిటికీ బలం కావాలి. మండినప్పుడు పుట్టిన బలంలో కొంత దాచుకుని, ఈ ఖాళీల్లో తిరిగి ఇచ్చేది ఫ్లైవీల్. కర్రతో నాలుగు తిప్పులు తిప్పి వదిలేసిన కుమ్మరి సారె కుండ రూపం తేలేదాకా తిరగడంలో ఉన్న సూత్రమే ఇదీ. బరువు అంచువైపు ఎంత ఎక్కువుంటే అంత శక్తి దాగుతుంది. వేగం రెట్టింపైతే దాగే శక్తి నాలుగింతలవుతుంది.

నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్ల చొప్పున ఐడిలింగ్‌లో ఉంటే, నిమిషానికి 1600 సార్లు ఇంధనం మండుతుంది. అయినా ఒక మంటకూ మరో మంటకూ మధ్య క్రాంక్‌షాఫ్ట్ వేగం తగ్గుతూ పెరుగుతూనే ఉంటుంది. అందుకే సిలిండర్లు పెరిగినా ఫ్లైవీల్ ఉద్యోగం పోలేదు.

విశేషమేమంటే, ఈ అసలు పని వల్ల ఫ్లైవీల్ దాదాపు అరగదు. శక్తిని దాచడానికి అది దేనితోనూ రాసుకోనక్కర్లేదు. దాని జబ్బులన్నీ తర్వాతి ఇంజనీర్లు నెత్తిన పెట్టిన అదనపు పనులతో వచ్చినవే.

మొదటి అదనపు పని క్లచ్. ఇంజన్ బలాన్ని చక్రాలకు కలపడానికి బెంజ్ బండిలో బెల్టును ఒక పుల్లీ మీంచి మరో పుల్లీ మీదికి జరిపితే సరిపోయేది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో తోలు తొడిగిన శంకువు ఆకారపు క్లచ్‌లు ఫ్లైవీల్‌లోకే వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాత ఇప్పుడున్న క్లచ్ ప్లేటు వచ్చింది. దాంతో ఫ్లైవీల్ ముఖం రాపిడి తలమైంది. ఆగిన బండిని కదిలించేటప్పుడు ఇంజన్ వేగం నిలకడగా ఉందనుకుంటే, బండి ఎంత శక్తి అందుకుంటుందో అంత శక్తీ క్లచ్‌లో వేడిగా మారుతుంది. ఎత్తు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెడితే, బండి కదలదు గాని వేడి మాత్రం పుడుతూనే ఉంటుంది.

ఆ వేడికి పోత ఇనుము ముఖం మీద నీలి మచ్చలు పడతాయి, సన్నని పగుళ్లు పుడతాయి. బాగా కాగి చప్పున చల్లారిన చోట్ల లోహపు అంతర్నిర్మాణమే మారి గట్టిపడుతుంది. అప్పుడు క్లచ్ ఒకచోట పట్టి ఒకచోట జారుతుంది. మొదటి గేర్లో బండి వణుకుతూ కదులుతుంది. ఈ గట్టి మచ్చలు గరుకు కాగితంతో రుద్దితే పోవు. లేత్ మీద చెక్కినా పనిముట్టు వాటి మీద ఎగిరి, మిట్టలు మిగిలిపోవచ్చు. అందుకే గ్రైండింగ్ మేలంటారు.

రెండో అదనపు పని స్టార్టర్. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్‌తో మార్కెట్లోకి వచ్చింది. ఆ పద్ధతి పాకాక ఫ్లైవీల్ అంచుకు పళ్ల చక్రం తొడగడం మామూలైంది. దాన్నే రింగ్ గేర్ అంటారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు, అదిమిన గాలి ఎదురు తన్నడం వల్ల, ఎక్కువగా ఎదురెదురుగా ఉండే రెండు చోట్లే ఆగుతుంది. స్టార్టర్‌లోని చిన్న పళ్ల చక్రం, అంటే పినియన్, వచ్చి తగిలేది కూడా ఎక్కువగా ఆ చోట్ల ఉన్న పళ్లకే. కాబట్టి రింగంతా బాగున్నా రెండు చోట్ల పళ్లు మొద్దుబారతాయి. ఒకసారి గరగరమని జారడం, మరోసారి మామూలుగా స్టార్ట్ కావడం దీని లక్షణం. రింగ్‌ను వేడి చేసి వ్యాకోచింపజేసి తొడుగుతారు, చల్లారితే అదే బిగుసుకుంటుంది. చాలా ఫ్లైవీళ్లకు రింగ్ ఒక్కదాన్నే మార్చవచ్చు.

మూడోది అదురు మింగడం. 1980ల నుంచి ఫ్లైవీల్‌ను రెండు ముక్కలు చేసి, నడుమ గ్రీజులో వంపు స్ప్రింగులు పెట్టడం మొదలైంది. దీన్నే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అంటారు. డీజిల్ కార్ల కుదుపు దీంతో బాగా తగ్గింది. కాని స్ప్రింగులు అలసిపోతాయి, గ్రీజు తగ్గుతుంది. స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ గేర్‌బాక్స్ దగ్గర టకటక శబ్దం వస్తే దీన్ని అనుమానించాలి. దీన్ని చెక్కించి వాడటం సాధారణంగా కుదరదు, మొత్తం మార్చాల్సిందే.

ఫ్లైవీల్‌ను చూడాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఖర్చులో కూలి వాటా పెద్దదే. అందుకని క్లచ్ ప్లేటు మార్చే రోజే ఫ్లైవీల్ ముఖాన్నీ, రింగ్ పళ్లనూ చూడమనాలి. డయల్ గేజ్ పెట్టి ముఖం వంకర పోయిందేమో కొలవమనాలి. క్రాంక్‌షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ కారుతుంటే అప్పుడే మార్పించాలి, లేకపోతే కొత్త ప్లేటు కూడా నూనె తాగి జారుతుంది. చెక్కించేటప్పుడు కంపెనీ చెప్పిన కనీస మందం కంటే తగ్గకూడదు. ఫ్లైవీల్‌కు మెట్టు ఉన్న రకమైతే, ముఖాన్ని ఎంత చెక్కారో మెట్టునూ అంతే చెక్కాలి. బిగించేటప్పుడు చాలా కంపెనీలు కొత్త బోల్టులే వాడమంటాయి. వాటిని ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించాలి. కొత్త ఫ్లైవీల్ మీది తుప్పు నివారణ నూనెను పూర్తిగా తుడిచేయాలి.

ఎలక్ట్రిక్ కారు మోటారుకు ఎగుడుదిగుడు లేదు, కాబట్టి దానికి ఫ్లైవీల్ అక్కర్లేదు. అయితే చక్రం కారు దిగి మరోచోట కొలువు చేస్తోంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో స్టీఫెన్‌టౌన్ వద్ద 2011లో మొదలైన కేంద్రంలో 200 ఫ్లైవీళ్లు కలిసి 20 మెగావాట్ల మేర విద్యుత్ గ్రిడ్ ఒడుదొడుకులను సర్దుతాయి. గాలి తీసేసిన గదుల్లో, అయస్కాంతాల ఆధారంతో అవి తిరుగుతాయి. వాటికి క్లచ్ లేదు, పళ్లు లేవు. కారులోని ఫ్లైవీల్‌కు ఆ వెసులుబాటు లేదు గనక, దాని ఆయుష్షులో చాలా భాగం క్లచ్ పెడల్ మీది ఎడమ కాలి అలవాట్ల మీదే ఆధారపడి ఉంటుంది.