వేట విరామం తరువాత మోటారు పడవ: పాత ఇంధనంతో పొంచి ఉన్న ముప్పు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరపడవలు, మోటారు పడవలతో చేపల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. ఇది చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకునే కాలం. ఆంధ్రప్రదేశ్ తీర గ్రామాలలో ఆ రెండు నెలలు పడవలు ఒడ్డుకే పరిమితమవుతాయి. గడువు ముగియగానే కడలిలోకి వెళ్లాలన్న ఆత్రుత మత్స్యకార కుటుంబాలకు సహజం. అయితే రెండు నెలలు కదలని ఔట్‌బోర్డు మోటారును పాత పెట్రోలుతోనే నడిపితే, రుతుపవనాల వేళ అది నడిసంద్రంలో ఆగిపోయే ప్రమాదముంది.

పెట్రోలు ఎందుకు చెడుతుంది?

నిల్వ ఉన్న పెట్రోలులో తేలికగా మండే భాగం ముందుగా ఆవిరైపోతుంది. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి జిగురుగా మారుతుంది. ఈ జిగురు కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది.

ఇథనాల్ మరొక కారణం. దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరుతాయి. టూ స్ట్రోక్ మోటారుకు ఇది మరింత హానికరం. పెట్రోలులో కలిపిన ఆయిల్ పై పొరలోనే ఉండిపోగా, గొట్టం అడుగున ఉన్న ద్రవాన్ని పీలుస్తుంది. ఆయిల్ అందక పిస్టను, సిలిండరు ఒరుసుకుపోతాయి. అనేక మోటార్ల తయారీ సంస్థలు ఇథనాల్‌కు 10 శాతాన్నే పరిమితిగా పేర్కొంటున్నందున, మోటారుతో ఇచ్చిన పుస్తకాన్ని చూసుకోవడం అవసరం.

ప్రారంభించే ముందు

ముందుగా పాత ఇంధనాన్ని ఆరుబయట, నిప్పుకు దూరంగా పూర్తిగా తీసివేయాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కనుక పడవ అడుగున పేరుకుంటుంది. దగ్గరలో బీడీ వెలిగించినా ప్రమాదమే. తీసిన ఇంధనాన్ని కొంత గాజు సీసాలో పోసి చూడాలి. రంగు ముదిరినా, పుల్లని వాసన వచ్చినా, రెండు పొరలు కనిపించినా అది వాడకానికి పనికిరాదు. కొత్త పెట్రోలు కలిపినంత మాత్రాన పొరలుగా విడిపోయిన ఇంధనం బాగుపడదు. దానిని ఇసుకలోనో నీటిలోనో పారబోయరాదు.

ఆ తరువాత ఇంధన గొట్టాన్ని, చేతితో నొక్కే రబ్బరు బల్బును పగుళ్ల కోసం పరిశీలించాలి. ఫిల్టరును మార్చాలి. కార్బురేటరు గిన్నె అడుగున ఉండే స్క్రూను వదులు చేసి, నిలిచిన ఇంధనాన్ని వంచేయాలి. అందులో జిగురు కనిపిస్తే కార్బురేటరును విప్పి శుభ్రం చేయించాలి. స్పార్క్ ప్లగ్గులను తీసి, సిలిండరులో కొన్ని ఆయిల్ చుక్కలు వేసి, స్టాప్ స్విచ్ క్లిప్పు తొలగించి ఉంచి తాడును నెమ్మదిగా లాగాలి. గేరు ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే సీలు దెబ్బతిని నీరు చేరినట్టు. మరమ్మతు చేయించకుండా బయలుదేరకూడదు.

తాజా ఇంధనంతో

టూ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు కలుపుతారు. తయారీ సంస్థ వేరే కొలత చెబితే దానినే పాటించాలి. ఫోర్ స్ట్రోక్ మోటారు పెట్రోలులో ఆయిల్ కలపకూడదు.

మోటారును నీరు లేకుండా ఒక్క నిమిషమైనా నడపరాదు. నీటి పంపులోని రబ్బరు చక్రం క్షణాలలో వేడెక్కి పాడవుతుంది. మోటారు కింది భాగాన్ని నీటి డ్రమ్ములో ముంచి, ట్యాంకు మూత గాలి మరను తెరిచి, రబ్బరు బల్బు గట్టిపడే వరకు నొక్కాలి. గేరును న్యూట్రల్‌లో ఉంచి, స్టాప్ స్విచ్ క్లిప్పు అమర్చి, చోక్ లాగి ప్రారంభించాలి. వెనుకనున్న సన్నని రంధ్రం నుంచి నీటి ధార రాకపోతే వెంటనే ఆపివేయాలి. ధార సరిగా ఉంటే పది నిమిషాలు నెమ్మదిగా నడిపి చూడాలి. ఇంకా ఆగిఆగి నడుస్తుంటే తాడును పదేపదే లాగక మెకానిక్‌కు చూపాలి. మొదటి ప్రయాణం తీరం కనిపించేంత దూరానికే పరిమితం చేసి, తెడ్లు, లైఫ్ జాకెట్లు వెంట ఉంచుకోవడం క్షేమకరం.

వచ్చే ఏడాది కోసం

వేట విరామానికి ముందే మోటారును మంచినీటితో కడిగి, ఇంధన గొట్టం ఊడదీసి, నీటిలో ఉంచి ఆగేదాకా నడిపితే కార్బురేటరు దాదాపు ఖాళీ అవుతుంది. ట్యాంకును కూడా ఖాళీ చేసి, మోటారును నిటారుగా నీడలో భద్రపరచాలి. సముద్రానికి దూరంగా ఉన్న బిలాస్‌పూర్ వంటి నగరాలలోనూ, ఒక వర్షాకాలం నుంచి మరో వర్షాకాలం వరకు నిలిచి ఉండే వరద సహాయక పడవలకు ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వేట పడవకైనా, సహాయక పడవకైనా ఒడ్డున వెచ్చించే ఒక పూట శ్రమ నీటి మీద ప్రాణాలకు రక్షణ.